నా వారం గ్రాఫ్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: నా వయసు 63. ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాను. ఉండేది హనుమకొండలో. షుగర్ ఉంది. 2020లో మా అబ్బాయి నాకూ మా ఆవిడకూ చెరొక ఫిట్‌నెస్ బ్యాండ్ కొనిచ్చాడు. అప్పటి నుంచి పొద్దున్నే ఇద్దరం భద్రకాళి చెరువు గట్టు మీద నడిచేవాళ్ళం. యాప్ తెరవగానే వారం గ్రాఫ్ కనిపించేది. దాన్నే ప్రతి నెలా డాక్టరు గారికి చూపించేవాణ్ణి. ఏడాదిన్నర క్రితం మా ఆవిడ పోయింది. నేను నడక మానలేదు.

పోయిన నెల ఒక రోజు చూస్తే యాప్ మొత్తం మారిపోయి ఉంది. వారం గ్రాఫ్ లేదు. అక్షరాలు లేత బూడిద రంగులో, చిన్నగా ఉన్నాయి. పైన ఎవరివో వ్యాయామం వీడియోలు. డబ్బు కట్టి ప్రీమియం తీసుకోమని రోజుకు మూడుసార్లు అడుగుతోంది. నేను 7 వేల అడుగులు టార్గెట్ పెట్టుకుంటే అది 10 వేలు చేసింది. నిండలేదని రోజూ నారింజ రంగు గుండ్రం చూపిస్తుంటే టెన్షన్‌గా ఉంటోంది. స్నేహితుల జాబితాలో మా ఆవిడ పేరు, పక్కన సున్నా అడుగులు అని ఉండేది. ఆ జాబితానే తీసేశారు. ఒక్క స్టార్ ఇచ్చి ‘చెత్త యాప్’ అని రాశాను, జవాబు లేదు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ‘కొన్నాళ్ళకి అలవాటవుతుంది నాన్నా’ అంటాడు. పాత యాప్ తిరిగి తెచ్చుకునే దారి ఉందా? వేరే బ్యాండ్ కొనాలా? లేక వయసు మీద పడి నాకే అర్థం కావడం లేదా?

– పేరు వద్దు, హనుమకొండ

జవాబు: మీరు అడిగిన మూడు ప్రశ్నల దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు అడగని ఒక పని చెప్పాలి, ఎందుకంటే దానికి గడువు ఉంది.

మీ అబ్బాయికి ఈ రోజే ఫోన్ చేసి, అమ్మ బ్యాండ్ అకౌంట్ ఏ ఈమెయిల్ మీద, ఏ ఫోన్ నంబరు మీద తెరిచాడో అడగండి. మీ స్నేహితుల జాబితాలో పేరు కనిపించకపోయినంత మాత్రాన ఆవిడ అకౌంట్ పోయినట్టు కాదు. జాబితాను చూపించే పేజీని తీసేసి ఉంటారు. ఆవిడ నడిచిన లెక్కలు ఆవిడ అకౌంట్‌లో విడిగా ఉంటాయి. కానీ ఎవరూ తెరవని అకౌంట్లను కంపెనీలు శాశ్వతంగా ఉంచవు. రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత అకౌంట్లను తొలగించవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టి, ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. ఆవిడ బ్యాండ్ అకౌంట్ జీమెయిల్‌తో ముడిపడి ఉంటే, ఆ జీమెయిల్‌ను చివరిసారి తెరిచింది ఆవిడే అయితే, మీకు మిగిలింది కొద్ది నెలలే. మిగతా కంపెనీల నియమాలు వేర్వేరుగా ఉంటాయి, కాబట్టి ఏ కంపెనీ అయినా ఆలస్యం చేయకండి.

ఆవిడ ఫోన్ ఇంట్లోనే ఉండి ఉంటే దాన్ని చార్జింగ్ పెట్టి తెరవండి. చాలాసార్లు జీమెయిల్, బ్యాండ్ యాప్ రెండూ లాగిన్ అయ్యే ఉంటాయి. ఆవిడ సిమ్‌కు రీచార్జ్ చేయించడం ఆపకండి. వాడకం ఆగిపోయిన నంబరును కంపెనీ కొన్నాళ్ళకు రద్దు చేసి మరొకరికి ఇస్తుంది. అప్పుడు ఓటీపీ వాళ్ళకు వెళ్తుంది. ఫోన్ తెరుచుకోకపోయినా, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోయినా ఇంకో దారి ఉంది. చనిపోయిన వారి అకౌంట్‌లోని సమాచారం కావాలని దగ్గరి బంధువులు గూగుల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరణ ధ్రువపత్రం కాపీ సిద్ధంగా పెట్టుకోండి. ఇస్తారని హామీ లేదు, కానీ పెట్టుకోవాలి. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తన తర్వాత తన డేటా హక్కులను ఎవరు చూసుకోవాలో ముందే నామినీని పెట్టుకునే హక్కు ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన సెక్షన్లు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అంటే ఆవిడ విషయంలో ఇది మీకు అందదు. మీ సొంత అకౌంట్ల విషయంలో పనికొస్తుంది.

ఆవిడ అకౌంట్ తెరుచుకోగానే లెక్కలన్నీ డౌన్‌లోడ్ చేయించండి. తర్వాత మీవి. బ్యాండ్ కంపెనీ పేరు నేను ఇక్కడ వేయడం లేదు, అందుకని ఏ బ్యాండ్ వాళ్ళకైనా ఉపయోగపడేట్టు రాస్తున్నాను. ఫిట్‌బిట్ వాడేవాళ్ళు గూగుల్ అకౌంట్‌కు మారి ఉంటే ‘గూగుల్ టేకౌట్’ అనే పేజీలో నుంచి తీసుకోవచ్చు. గార్మిన్‌లో అకౌంట్ నిర్వహణ పేజీలో ‘ఎక్స్‌పోర్ట్ యువర్ డేటా’ ఉంటుంది. ఐఫోన్ హెల్త్ యాప్‌లో కుడివైపు పైన మీ ఫొటో మీద నొక్కితే కింద ‘ఎక్స్‌పోర్ట్ ఆల్ హెల్త్ డేటా’ కనిపిస్తుంది. శామ్‌సంగ్ హెల్త్ సెట్టింగ్స్‌లో ‘డౌన్‌లోడ్ పర్సనల్ డేటా’ ఉంది. వేరే యాప్ అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్, ప్రైవసీ అన్న పేజీల్లో వెతకండి. వచ్చే ఫైళ్ళు మనం చదవడానికి వీలుగా ఉండవు, తెరిస్తే అంకెల గందరగోళంలా ఉంటుంది. కంగారు పడకండి. మీ అబ్బాయి వాటిని ఎక్సెల్‌లోకి మార్చి, నెలకు ఒక పేజీగా ప్రింట్ తీసి ఇవ్వగలడు. అసలు ఫైళ్ళను ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒక కాపీ అబ్బాయి దగ్గర ఉంచండి.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ పొరపాటు నేను చేశాను. మా నాన్నగారి బీపీ రీడింగులు మూడేళ్ళవి ఒక యాప్‌లో ఎక్కించి ఉంచాను. ఆ యాప్ ఆపేస్తున్నట్టు వచ్చిన మెయిల్ నేను చూడలేదు. ఆయన చేత్తో నోట్‌బుక్‌లో రాసుకున్న మొదటి ఆరు నెలల లెక్క మాత్రం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఇక వయసు సంగతి. అర్థం కాకపోవడానికి కారణం మీ వయసు కాదు. 31 ఏళ్ళు స్టీరింగ్ ముందు కూర్చున్న మీకు నేను చెప్పాల్సిన పని లేదు. గేరు రాడ్ కోసం మీ చెయ్యి వెతకదు, చూపు రోడ్డు మీదే ఉంటుంది. డిపోకి కొత్త రకం బస్సు వస్తే నేర్పించకుండా తాళం చేతికిచ్చి ఘాట్ రోడ్డు మీదకు పంపితే ఎంత మంచి డ్రైవరైనా మొదటి మలుపులో తడబడతాడు. రాత్రికి రాత్రి మీ ఫోన్‌లో జరిగింది అదే. మీ వేలు ఐదేళ్ళుగా వెళ్ళిన చోట ఇవాళ వేరే వస్తువు ఉంది. అక్షరాల గురించి కూడా మీరు అన్నది నిజమే. తెర మీద మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు చాలాచోట్ల ఆ గీత కిందికి వెళ్ళిపోతాయి. ఎండలో గట్టు మీద నిలబడి చూస్తే పాతికేళ్ళ కుర్రాడికీ కనిపించవు.

మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. చోటు మారిన బటన్లు రెండు మూడు వారాల్లో చేతికి అలవాటవుతాయి. లేకుండా పోయినవాటికి మాత్రం అలవాటు పడటమంటూ ఉండదు. అందుకని ఒక కాగితం తీసుకుని రెండు వరసలు రాయండి. చోటు మారినవి ఒక వైపు, అసలు లేనివి ఇంకో వైపు. వారం గ్రాఫ్ లేదని మీరు రాశారు గానీ, నా అనుమానం అది మొదటి వరసలోకే వస్తుందని. ఈ మధ్య చాలా యాప్‌లు మొదటి పేజీలో ఒక్క రోజు లెక్కే పెట్టి, అడుగుల అంకె మీద నొక్కితే వారం, నెల, ఏడాది గ్రాఫులు తెరుచుకునేట్టు చేశాయి. నొక్కి చూడండి. మొదటి పేజీ కిందో పైనో పెన్సిల్ గుర్తు గానీ ‘ఎడిట్’ అని గానీ ఉందేమో చూడండి. ఉంటే వీడియోలను కిందికి నెట్టి అడుగులను పైకి తెచ్చుకోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్ళి అక్షరాల సైజు పెంచండి, యాక్సెసిబిలిటీలో హై కాంట్రాస్ట్ అక్షరాలు ఆన్ చేయండి. ఫోన్ తెర మీద ఆ యాప్ విడ్జెట్ పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది, యాప్ లోపలికి వెళ్ళకుండానే అడుగులు కనిపిస్తాయి.

టార్గెట్‌ను వెంటనే మళ్ళీ 7 వేలకు మార్చేయండి. ఆ 10 వేలను డాక్టర్లు లెక్కగట్టి ఇవ్వలేదు. 1965లో జపాన్‌లో ఒక గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు మాన్పో-కెయి, అంటే పదివేల అడుగుల మీటరు. టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి ఏడాది అది. ఆ పేరులోని అంకే ప్రపంచమంతా పాకింది. 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళున్న 16 వేలకు పైగా మహిళల నడకను చూసింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలోనే మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. దాదాపు 7,500 తర్వాత ఆ తేడా పెరగడం ఆగింది. అది మహిళల మీద చేసిన అధ్యయనం. మీ షుగరుకూ మీ మోకాళ్ళకూ ఎంత నడక సరిపోతుందో మీ డాక్టరు గారే చెప్పాలి. కానీ నారింజ గుండ్రం చూసి మీరు గిల్టీగా అనుకోవాల్సిన పని మాత్రం అస్సలు లేదు.

పాత యాప్ తిరిగి వస్తుందా అంటే, రాదనే అనుకోండి. అబద్ధపు ఆశ పెట్టను. మీరు ఫోన్‌లో చూసేది కిటికీ లాంటిది. మీ లెక్కలుండేది కంపెనీ సర్వర్లలో. ఆ సర్వర్లను కొత్త యాప్‌కు తగ్గట్టు మార్చేశాక పాత కిటికీ తెచ్చి బిగించినా అందులో ఏమీ కనిపించదు. 2024 మే నెలలో సోనోస్ అనే అమెరికా స్పీకర్ల కంపెనీ తన యాప్‌ను పూర్తిగా మార్చింది. అలారాలు, స్లీప్ టైమర్ లాంటివి పని చేయక జనం తిరగబడ్డారు. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పాడు. పాత యాప్‌నే మళ్ళీ ఇద్దామని వాళ్ళే పరిశీలించి, అలా చేస్తే ఇబ్బందులు ఇంకా పెరుగుతాయని ఆగస్టులో చేతులెత్తేశారు. 2025 జనవరిలో ఆ అధిపతి పదవి నుంచి దిగిపోయాడు. పాత యాప్ మాత్రం రాలేదు. పోయిన సౌకర్యాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ 2012లో స్టార్ట్ బటన్ తీసేసినప్పుడూ అంతే. మరుసటి ఏడాది బటన్ వచ్చింది, పాత పద్ధతి మెనూ రావడానికి 2015లో విండోస్ 10 దాకా ఆగాల్సి వచ్చింది.

ఫిట్‌నెస్ బ్యాండ్లలో ఇలాంటి దెబ్బ బాగా తగిలింది ఫిట్‌బిట్ వాడేవాళ్ళకు. 2021 జనవరిలో ఆ కంపెనీ గూగుల్ చేతికి వెళ్ళింది. 2023 మార్చిలో కుటుంబ సభ్యులు, స్నేహితులు పోటీ పడి నడిచే ఛాలెంజులను తీసేశారు. అదే ఏడాది సెప్టెంబరులో యాప్ రూపం మార్చి మూడు పేజీలకు కుదించారు. 2024 జూలైలో కంప్యూటర్‌లో చూసుకునే పేజీని మూసేశారు. ఏళ్ళ తరబడి కలిసి నడిచిన గుంపులు చెదిరిపోయాయి. మీరు ఒంటరి కాదని చెప్పడానికే ఇదంతా.

ఎందుకు చేస్తారంటే, బ్యాండ్ ఒకసారే అమ్ముడవుతుంది, సర్వర్ల ఖర్చు మాత్రం నెలనెలా ఉంటుంది. మీలా ఒకే బ్యాండ్‌ను ఐదేళ్ళు జాగ్రత్తగా వాడుకునే మనిషి నుంచి వాళ్ళకు మళ్ళీ రాబడి ఉండదు. అందుకే నెలవారీ చందా వైపు లాగుతారు. మొదటి పేజీలో మీ గ్రాఫ్ ఉన్న చోటులో వీడియోలు వచ్చింది ఎక్కువగా అందుకే. 2025 మార్చిలో గార్మిన్ కూడా చందా పథకం మొదలుపెట్టింది. కాబట్టి కోపంతో ఇంకో బ్యాండ్ కొంటే ఆ యాప్ మారదని ఎవరూ రాసివ్వలేరు. ఒక నెల ఆగండి. మీ బ్యాండ్ తెర మీదే అడుగులు, సమయం కనిపిస్తుంటే దాన్నే వాడుకోండి. నిజంగా పాడైన రోజున కొత్తది కొనాల్సి వస్తే, లెక్కలను బయటికి తీసుకునే వీలుందా అన్నది ముందు అడగండి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్‌లోనే ఉంటున్న హెల్త్ కనెక్ట్‌ (ఆరోగ్య లెక్కలను యాప్‌ల మధ్య పంచే ఏర్పాటు)కు గానీ, ఐఫోన్ హెల్త్ యాప్‌కు గానీ కలిసే బ్యాండ్ అయితే లెక్కలు ఒక్క కంపెనీ గుప్పిట్లో ఉండవు.

పాత వెర్షన్ ఫైలు ఇస్తామనే వెబ్‌సైట్ల జోలికి వెళ్ళకండి. అందులో ఎవరు ఏం కలిపారో తెలియదు, మీరేమో దాంట్లో మీ పాస్‌వర్డ్ కొడతారు. కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతకడం అంతకంటే ప్రమాదం. పైన కనిపించే నంబరు చాలాసార్లు మోసగాళ్ళదే. సాయం చేస్తామంటూ మీ తెరను చూపించే యాప్ వేయిస్తారు, ఆ తర్వాత బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. యాప్ లోపల ‘హెల్ప్’ అని ఉన్న దారిలోనే రాయండి. పొరపాటున డబ్బు పోతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఒక్క స్టార్‌కు జవాబు రాకపోవడం నాకు వింతగా లేదు. ‘చెత్త యాప్’ అన్న మాటలో వాళ్ళు బాగుచేయగలిగింది ఏమీ కనిపించదు. కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు నడిచే కిలోమీటర్లు) తగ్గిందని డిపోలో అడిగితే మీరు ‘బండి బాగాలేదు’ అని ఊరుకోరు కదా. ఏ బండి, ఏ రూటు, ఎప్పటి నుంచి అన్నది చెప్తారు. ఇక్కడా అలాగే. ఈ కింది మాటలను మీ అబ్బాయి చేత ఇంగ్లీషులో రాయించి పంపండి: “నా ఫోన్ ఫలానా, యాప్ వెర్షన్ ఫలానా. ఫలానా తేదీ అప్‌డేట్ తర్వాత వారం అడుగుల గ్రాఫ్ మొదటి పేజీలో లేదు. నాకు షుగర్ ఉంది, ఆ గ్రాఫ్‌ను ప్రతి నెలా డాక్టరుకు చూపిస్తాను. దాన్ని మొదటి పేజీలో పెట్టుకునే వీలు ఇవ్వండి. నేను పెట్టుకున్న టార్గెట్ నన్ను అడగకుండా మారింది. అక్షరాల రంగు చదవడానికి కష్టంగా ఉంది. మీరు తీసేసిన స్నేహితుల జాబితాలో చనిపోయిన నా భార్య అకౌంట్ ఉండేది, ఆ వివరాలు భద్రంగా ఉన్నాయో లేదో చెప్పండి.” చివరి వాక్యాన్ని దాచుకోకండి. అవతల చదివేదీ మనిషే.

డిజైన్ నచ్చలేదన్న ఒక్క కారణంతో వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలబడటం కష్టం. మీరు కొన్నప్పుడు పెట్టె మీద ఇస్తామని రాసిన సౌకర్యాన్ని తర్వాత తీసేసి డబ్బు అడుగుతుంటే మాత్రం సంగతి వేరు. పెట్టె ఇంకా ఉంటే తీసి చదవండి. రోజుకు మూడుసార్లు ప్రీమియం అడగడం గురించి కూడా ఫిర్యాదు చేయవచ్చు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయ డిజైన్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పదేపదే అడిగి విసిగించడం, ఉచితమని చెప్పి కార్డు వివరాలు తీసుకుని చందాలో ఇరికించడం రెండూ అందులో ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టరు గారి కోసం ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. రోజుకొక గీత. తేదీ, అడుగులు, పరగడుపున షుగర్ చూసుకుంటే ఆ అంకె. లాగ్ షీట్ రాసిన చేతికి ఇది రెండు నిమిషాల పని. డాక్టరుకు కావాల్సింది పోయిన నెల కంటే పెరిగిందా తగ్గిందా అన్న సంగతి, అది మీ చేతిరాతలోనూ కనిపిస్తుంది.

మీ అబ్బాయికి ఆదివారం ఒక గంట ఖాళీ పెట్టుకోమని చెప్పండి. యాప్ నేర్పమని అడగకండి, అమ్మ అకౌంట్ తెరవమని అడగండి. మీరిద్దరూ మొదటిసారి గట్టు మీద నడిచిన రోజు లెక్క అందులో ఉండే ఉంటుంది. దాన్ని విడిగా ఒక కాగితం మీద ప్రింట్ తీయించుకోండి. అకౌంట్ తెరుచుకోకపోతే తెర మీద ఏమని వస్తోందో అక్షరం పొల్లుపోకుండా రాసి నాకు పంపండి. ఆ తర్వాత ఏం చేయాలో మళ్ళీ చూద్దాం.